పీల్చని మందు

"ఈమెను మధ్యాహ్నం స్టేషనుకు తీసుకపోతా సార్. ఆ లోపల మీరు అడిగేదేమన్నా ఉంటే అడుక్కోండి."

ఆ మాట అనేసి ఇన్‌స్పెక్టర్ కుమారేశన్ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, కాలుమీద కాలు వేసుకుని కూర్చున్నాడు. తన సొంత ఇల్లయినట్టు! తిమ్మరాజు ఎస్సైగా ఉన్న రోజుల్లో ఇదే కుమారేశన్ ఆయన కింద కానిస్టేబులు. ఫైళ్ళు మోశాడు, టీలు తెచ్చాడు, తిట్లు తిన్నాడు. ఇప్పుడు అతను ఇన్‌స్పెక్టరు. తిమ్మరాజు ఉద్యోగం వదిలేసి హోసూరు బస్టాండు వెనక డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. పాతకాలం నుంచి ఇద్దరి మధ్య మిగిలింది ఆ "సార్" ఒక్కటే. అందులోనూ సగం ఎగతాళి.

తిమ్మరాజు అతన్ని పట్టించుకోకుండా గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని కూర్చున్న అముద వైపు తిరిగాడు. నిన్న ఆమె భర్త సిద్దప్ప చనిపోయాడు. ఇవాళ ఆమే చంపిందని పోలీసులు అంటున్నారు. కరువుతీరా ఏడవడానికి కూడా ఆ మనిషికి తీరిక ఇవ్వలేదు.

సిద్దప్పది వేప్పనపల్లి దగ్గర ఈ ఊరే. వయసులో ఉండగా హోసూరు దాటి జూజువాడి పక్కన ఒక గ్రానైటు పాలిష్ ఫ్యాక్టరీలో చేరాడు. రాళ్ళు కోసి, నున్నగా అరగదీసి, తన రొమ్ము పాడు చేసుకుని తిరిగొచ్చాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. అందుకే ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ పెట్టారు. నిన్న పొద్దున అముద మామిడితోటలో కూలికి పోయింది. మధ్యాహ్నం వచ్చి చూస్తే మనిషి మంచం కింద పడి ఉన్నాడు. సిలిండర్ నిండుగానే ఉంది. దాన్ని తిప్పే కీ మాత్రం ఇంట్లో ఎక్కడా లేదు.

"ఇంట్లో ఉండేది ఇద్దరే," అన్నాడు కుమారేశన్ వేళ్ళు మడుస్తూ. "కీ లేదు. ముందురోజు ఇద్దరూ కొట్లాడింది వీధంతా విన్నది. ఇంకేం కావల్ల సార్?"

"బుర్ర కావల్ల," అన్నాడు తిమ్మరాజు. "కీ ఆమే తీసిందనుకో. తిరిగొచ్చినాక దాని చోట్లో అది పెట్టేసి అయ్యో అని అరిచుంటే నీకు అనుమానం వచ్చేదా? ఊపిరాడక సచ్చిపోయినాడు పాపం అని నువ్వే దండ తెచ్చేవాడివి. కీ తీసినోడు తిరిగి ఈ ఇంటికి రాలేదు కుమారేశా. అందుకే కీ కూడా రాలేదు."

కుమారేశన్ పై కాలు దించాడు.

నిజం చెప్పాలంటే ఈ కేసులో పెద్దగా పరిశోధన ఉంటుందని తిమ్మరాజు అనుకోలేదు. అముదను తన దగ్గరికి పంపింది డాక్టర్ ఉపేంద్ర. హోసూరులో రొమ్ము జబ్బుల డాక్టరు, తిమ్మరాజుకు చిన్నప్పటి నుంచి ఒకే బెంచీ స్నేహితుడు. సిద్దప్పకు ఇన్నేళ్ళూ వైద్యం చేసింది, ఆ సిలిండర్ ఇప్పించింది అతనే. పొద్దున కారెక్కుతుంటే ఫోన్ కూడా చేశాడు.

"తిమ్మా, ఆ సిద్దప్ప రొమ్మును టీబీ ఎప్పుడో తినేసిందిరా. నేను పనుల్లో పడి ఈ మధ్య పోయి చూడను కూడా లేదు. పాపం, చివర్లో క్యాప్సూల్ వేసుకుని పీల్చినాడు కూడా. పాడైపోయిన ఊపిరితిత్తులకు ఆ పొడి ఏం చేస్తాది? రోగంతో పోయినాడని ఆ కుమారేశన్‌కు అర్థమయ్యేట్టు చెప్పి, ఆయమ్మను విడిపించు."

ఉపేంద్ర చెప్పాక ఇంక ఆలోచన ఏముంది? తిమ్మరాజు సొంత ఊపిరే అతని చేతిలో ఉంది. కాలేజీ రోజుల నుంచి ఆయనకు ఉబ్బసం. ఒకప్పుడు ముసురు పడితే మంచానికి అంటుకుపోయే మనిషిని ఉపేంద్ర లేపి తిప్పుతున్నాడు. ఆ స్నేహితుడి మాటమీద గౌరవంతో, పని తొందరగా ముగించుకుని హోసూరుకు తిరిగి పోవాలనే ఆయన వచ్చాడు.

"అమ్మా, లోపల చూడొచ్చా?" అని అడిగి గదిలోకి వెళ్ళాడు.

ఒకటే గది. నులకమంచం, దాని తలదగ్గర సిలిండర్. సిలిండర్ మెడకు పసుపు గుడ్డపీలిక ఒకటి వేలాడుతోంది. కీ పోకుండా అముద తన పాత చీర అంచు చించి కట్టిన పీలిక అది. తిమ్మరాజు వంగి దాన్ని పరీక్షగా చూశాడు. తెగలేదు, చిరగలేదు. ఎవరో ముడి విప్పారు. మనిషి ఊపిరాడక కొట్టుకుంటుంటే ముడి విప్పేంత నిదానం ఎవరికి ఉంటుంది? సిలిండర్ తెరవడానికే విప్పి ఉంటే, మరి తెరవలేదేం?

మంచంమీది పరుపు జరపగానే దుమ్ము లేచింది. తిమ్మరాజు రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి. ఆయన గోడ పట్టుకుని నిలబడి, జేబులోంచి మందు పీల్చే తన గొట్టం తీశాడు. క్యాప్సూల్ దాని రంధ్రంలో పెట్టి, అడుగు భాగం తిప్పి, గాలి బయటికి వదిలి, గొట్టం పెదాల మధ్య బిగించి ఒక్క గుక్కలో గట్టిగా పీల్చాడు. ఊపిరి బిగపట్టాడు. ఉపేంద్ర ఒక పూటంతా పక్కన కూర్చుని, చిన్నపిల్లవాడికి అక్షరాలు దిద్దించినట్టు ఇదంతా నేర్పించాడు. పొడి లోపలికి పోయి ఊపిరితిత్తులకు అందాలి, నోట్లో ఉండిపోతే దండగరా అని తిట్టి మరీ చేయించాడు.

గుమ్మంలోంచి కుమారేశన్ వింతగా చూస్తున్నాడు. "అరె, మీదీ ఆయప్పదీ ఒకటే గొట్టం సార్. శవం చేతి పక్కన పడుండె. కవర్లో వేసి సీలు చేసినాను."

"ఏదీ, తే."

కవరు చించి కుమారేశన్ ఇచ్చిన గొట్టాన్ని తిమ్మరాజు పట్టి లాగాడు. రెండు ముక్కలుగా విడిపోయింది.

"అది తెరుచుకుంటాదా?" అన్నాడు కుమారేశన్.

లోపల క్యాప్సూల్ రెండుగా విరిగి ఉంది. తెల్లటి పొడి అంతా అక్కడే పడి ఉంది. పీల్చి ఉంటే పోవాల్సిన పొడి!

"తిప్పినారు. పీల్చలేదు," అన్నాడు తిమ్మరాజు.

"ఊపిరి లేని మనిషి ఏం పీలుస్తాడు సార్? తిప్పినాడు, బలం చాల్లేదు, పడిపోయినాడు. దాంట్లో ఏముంది?"

అదీ నిజమే. తిమ్మరాజు రెండు ముక్కలనూ మళ్ళీ కలిపాడు. గొట్టం చేత్తో పట్టుకునే బయటికి వచ్చాడు. దాన్ని చూడగానే అముద లేచి నిలబడింది.

"ఆ పీపీ యాడ దొరికిందన్నా?"

"పీపీనా?"

"అదే, మందుతోబాటు ఇచ్చినారే. దేవుడి గూట్లో అట్టపెట్టెలోనే ఉండాల కదా? మా మనవరాలు ఊదుకుంటాదని అడిగితే నేనే ఇయ్యలే. ఆయప్ప నోట్లో పెట్టుకోనుంటాడేమో, ఆయప్పకు టీబీ, బిడ్డకు అంటుకుంటాదని భయం."

"అమ్మా, సిద్దప్ప ఈ క్యాప్సూల్ ఎట్ల వేసుకుంటా ఉండె?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది అముద. "మింగుతా ఉండె. పొద్దున అంబలి తాగినాక ఒకటి, సందకాడ ఒకటి. ఇంకెట్ల వేసుకుంటారు?"

"గొట్టంలో పెట్టి పీల్చాలని డాక్టరు చెప్పలేదా?"

"ఆయన చీటీ రాసిచ్చినాడు. బయట మందులంగట్లో బిళ్ళలు, ఈ పీపీ ఇచ్చినారు. ఎవురూ ఏం చెప్పలే అన్నా. బిళ్ళ అంటే మింగేదే కదా?"

"అబద్ధం!" అని కుమారేశన్ కుర్చీలోంచి లేచాడు. "సార్, ఈమె మిమ్మల్ని ఏమారుస్తా ఉంది. ఇన్నేళ్ళు మందు వేసుకునే మనిషికి ఎట్ల వేసుకోవాల్నో తెలీదంటే నమ్మేదానికి నేనేమన్నా పిచ్చోడినా?"

అతని దురదృష్టం ఏమో, పక్కింటి మద్దమ్మ అప్పటిదాకా గోడమీద చేతులు పెట్టుకుని వింటూనే ఉంది. ఆమె గట్టిగా గొంతు సవరించుకుంది.

"అబద్ధమేముందప్పా దాంట్లో? నాకూ ఆ డాక్టరే. నాకూ అదే బిళ్ళ. నేనూ మింగుతా ఉండాను. మజ్జిగ తాగితే దిగుతాది. పీపీ ఇచ్చినారు గానీ, మా కోడలు దాన్ని యాడ పారేసిందో."

ఇన్‌స్పెక్టరు మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. తిమ్మరాజుకు నవ్వు రావలసింది. రాలేదు. ఈ ఊళ్ళో దగ్గు వస్తే టీబీ, ఆయాసం వస్తే దమ్ము. రెండూ చెప్పుకోవడానికి సిగ్గే. డాక్టరు దగ్గర నోరెత్తి అడగడం మరీ సిగ్గు. ఇచ్చింది మింగి, తగ్గకపోతే రాత అనుకుంటారు. రొమ్ములోకి పోవలసిన మందును ఎందరు కడుపులోకి పంపిస్తున్నారో ఎవరు చూడొచ్చారు?

కానీ ఆయన్ని పట్టి కుదిపింది అది కాదు. సిద్దప్పకు ఈ గొట్టం సంగతే తెలియదు. అముదకు తెలియదు. అంటే దాన్ని అట్టపెట్టెలోంచి తీసి, క్యాప్సూల్ పెట్టి, సరిగ్గా తిప్పి, శవం చేతి పక్కన పడేసినవాడు వేరే ఉన్నాడు. మందు వాడినా మనిషి దక్కలేదని నలుగురూ అనుకోవడానికి. రోగి ఈ మందును ఎట్లా వేసుకోవాలో బాగా తెలిసినవాడు, ఈ రోగి ఎట్లా వేసుకుంటున్నాడో ఎన్నడూ అడగనివాడు.

"కుమారేశా, ఈ గొట్టంలో క్యాప్సూల్ ఉందని నువ్వు ఎవరితోనన్నా అన్నావా? ఫోన్లో గానీ, టీకొట్లో గానీ?"

"ఎట్ల అంటాను సార్? ఇది తెరుచుకుంటాదనే నాకు ఇప్పుడే కదా తెలిసింది?"

తిమ్మరాజు గుమ్మంమీద కూర్చున్నాడు. పాపం, చివర్లో క్యాప్సూల్ వేసుకుని పీల్చినాడు కూడా. పొద్దున ఆ మాట విని, తన స్నేహితుడిది ఎంత మెత్తటి మనసు అనుకున్నాడు. సీలు వేసిన కవర్లో, మూసి ఉన్న గొట్టంలో ఏముందో హోసూరులో కూర్చున్న ఉపేంద్రకు ఎట్లా తెలిసింది?

కాదు, కాదు అని మనసు మొరాయించింది. ఊరికే ఊహించి అని ఉండవచ్చు. డాక్టరు కాబట్టి అట్లా అనుకుని ఉండవచ్చు. తిమ్మరాజు తన సర్వీసులో ఎందరు నేరస్తుల పెళ్ళాలు, తమ్ముళ్ళు ఇట్లాగే సాకులు వెతుక్కోవడం చూశాడు! ఇప్పుడు తనూ ఆ వరసలో నిలబడ్డాడు. సిగ్గేసింది.

"అమ్మా, మొన్న మీ ఇద్దరికీ కొట్లాట ఎందుకొచ్చింది?"

అముద చాలాసేపు చీర కొంగు మెలిపెట్టింది. తర్వాత చెప్పింది. కృష్ణగిరిలో ఎవరో బయటి డాక్టర్లు క్యాంపు పెడితే సిద్దప్ప పోయాడు. వాళ్ళు రొమ్ముకు ఎక్స్‌రే ఫోటో తీసి, నీకు టీబీ లేదు, ఇది రాతిపొడి పేరుకుని వచ్చిన రోగం, ఎవరికీ అంటుకోదు అన్నారు. ఫ్యాక్టరీలో దుమ్ము మింగినవాళ్ళందరికీ టీబీ అని ఎవరు రాశారో కోర్టులో చెప్పమని, ఫ్యాక్టరీ మీద కేసు వేసిన యూనియన్ వాళ్ళు అడిగారు. సిద్దప్ప సరేనన్నాడు. ఈ వారంలోనే వాయిదా.

"ఎన్నేళ్ళు ఆయప్ప గిన్నె వేరుగా పెట్టినానో అన్నా. మనవరాలిని ఒళ్ళో కూచోబెట్టుకోనియ్యలే. ఇప్పుడు అంటుకునే రోగమే కాదంటారు. నేను నమ్మలే. ఇంత పెద్ద డాక్టరయ్య తప్పు చెప్తాడా? కోర్టులో డాక్టరయ్య పేరు చెప్తే మనల్ని ఎవురు చూస్తారు, వద్దు అని కాళ్ళావేళ్ళా పడితిని. ఆయప్ప ఇనలే. దానికే అరుచుకుంటిమి."

"కోర్టు సంగతి బయట ఎవరికన్నా చెప్పినావా?"

ఆమె చూపు నేలకు దిగింది. "లేదన్నా."

భయపడుతోంది పాపం అనుకున్నాడు తిమ్మరాజు. ఆ క్షణంలో ఆయన బుర్ర ఆమెమీద లేదు. లేచి కారు దగ్గరికి నడిచాడు. కుమారేశన్ వెంటపడ్డాడు.

"ఎన్న సార్, ఏం కనిపెట్టినారు? నాకు చెప్పరా?"

"నేను ఫోన్ చేసేదాకా ఆయమ్మను బండి ఎక్కించొద్దు."

"పొద్దు గూకేదాకా చూస్తా. ఆ తర్వాత నా కేసు నాదే," అన్నాడు కుమారేశన్. ఎందుకో ఈసారి అతని గొంతులో ఎగతాళి లేదు.

*

హోసూరు చేరేసరికి ఉపేంద్ర క్లినిక్కులో పొద్దుటి రోగులు అయిపోయారు. నర్సు భోజనానికి పోయింది. ఉపేంద్ర టేబులుమీద పేపరు పరిచి, క్యారియర్ విప్పి పెరుగన్నం తింటున్నాడు.

"రారా తిమ్మా. మాగాయి ఉంది, ఒక ముద్ద తిందువు. ఆయమ్మను విడిపించినావా?"

తిమ్మరాజు ఎదురుగా కూర్చున్నాడు. ఎన్ని వందల సార్లు ఈ కుర్చీలో కూర్చున్నాడో.

"సిద్దప్పకు గొట్టం వాడేది నువ్వే నేర్పించినావా?"

"మరి? దగ్గరుండి నేర్పించినాను. బాగా పీలుస్తా ఉండె."

"ఆయప్ప ఆ బిళ్ళను రోజూ అంబలితో మింగుతా ఉండె, ఉపేంద్రా. ఆ గొట్టం ఏందో కూడా ఆ ఇంట్లో ఎవురికీ తెలీదు. అది పిల్లకాయలు ఊదే పీపీ అనుకున్నారు."

ఉపేంద్ర చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది.

"దాంట్లో క్యాప్సూల్ ఉందని పొద్దున నాకు చెప్పినావు. సీలు వేసిన ఇన్‌స్పెక్టరుకే తెలీదు. పెట్టినోడికి తప్ప ఇంకెవురికీ తెలిసే దారి లేదు. లేదని చెప్పు. ఏదో ఒక అబద్ధం చెప్పు, నమ్మేదానికి నాకు ఆశగానే ఉంది."

గోడమీద ఫ్యాను తిరుగుతోంది. ఉపేంద్ర ముద్దను క్యారియర్‌లో పెట్టేసి, వేళ్ళను పేపరుకు తుడుచుకున్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదని తిమ్మరాజుకు చాలా రోజుల తర్వాత కూడా అనిపిస్తుంది.

"మాట్లాడేదానికే పోయినాను తిమ్మా. కోర్టుకు పోవద్దని నచ్చజెప్పేదానికి. ఆయప్ప నామీద లేచినాడు. నా బిడ్డల్ని నాకు దూరం చేసినావు కదయ్యా, లేని రోగం అంటగట్టి అన్నాడు. అట్ల అరుస్తా ఉండగానే దమ్ము పట్టుకుంది. చేత్తో సిలిండర్ చూపించినాడు. నేను లేచినానురా. ఒట్టు, నిజంగానే లేచినాను. పీలిక ముడి విప్పినాను. కీ నా చేతిలోకి వచ్చింది." అతను క్యారియర్ మూత పెట్టాడు. "ఆ తర్వాత కూర్చున్నాను."

"ఎదురుగానా?"

"ఎదురుగానే."

తిమ్మరాజు కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి అందనివాడికి ఆ క్షణాలు ఎంత పొడవో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ స్థితిలో తను ఎన్నిసార్లు ఈ మనిషి చేయి పట్టుకున్నాడు!

"ఫ్యాక్టరీ వాళ్ళు చెప్పినట్టు టీబీ అని రాసినావా?"

"మొదట్లో నిజంగా పొరపాటే. రాతిపొడి రొమ్ము ఫోటోలో అచ్చం టీబీ మాదిరే కనపడ్తాది. మన పక్క ఎవురు దగ్గినా టీబీయే కదా, అదే రాసినాను. మందు వాడినా తగ్గలే. అప్పుడు తెలిసింది. కానీ దిద్దాలంటే ముందు రాసిందంతా తప్పని ఒప్పుకోవాల. ఫ్యాక్టరీ వాళ్ళకు టీబీ అంటేనే సుఖం, దుమ్ముకు వాళ్ళు జవాబు చెప్పే పని లేదు. ఇంకొకరికి అదే రాసినాను. ఇంకొకరికి. అట్లే పోయింది."

"నాకు ఒక పూటంతా కూర్చోని ఊపిరి పీల్చేది నేర్పించినావు. వాళ్ళల్లో ఒక్కడికన్నా నేర్పించలేకపోయినావా?"

"బయట ఎంతమంది కూర్చోనుంటారో నువ్వు చూల్లేదా? ఒక్కొక్కడికీ గొట్టం తిప్పి చూపిస్తా ఉంటే తెల్లారిపోతాది. నువ్వంటే నా స్నేహితుడివి."

స్నేహితుడు! ఆ మాట వినగానే తిమ్మరాజు కుర్చీ వెనక్కి జరిపాడు. "అందుకేనా ఆయమ్మను నా దగ్గరికి పంపినావు?"

"నువ్వు నా మాట నమ్ముతావని పంపినాను. ఈ ఊళ్ళో నన్ను ఎదురు ప్రశ్న వేయకుండా నమ్మేది నువ్వొక్కడివే. ఆయమ్మ బయటపడ్తాది, రోగంతో పోయినాడని కేసు మూసేస్తారు, నీకు పేరొస్తాది. కీ జేబులో వేసుకుని వచ్చేసినాను, అది నా ఖర్మ." ఉపేంద్ర ముందుకు వంగాడు. "ఇప్పుడన్నా ఏం కాలేదు తిమ్మా. ముదిరిన రోగం, ఊపిరాడక పోయినాడని నేను రాసిస్తా. కీ యాడన్నా మంచం కింద దొరుకుతాది. అముద ఈ రాత్రికి ఇంట్లో ఉంటాది. నువ్వు తల ఊపితే చాలు."

చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన సంగతే, కానీ తిమ్మరాజు ఒక్క క్షణం ఆలోచించాడు. ఒక మనిషి ఎటూ పోయాడు. ఒక ఆడమనిషి బయటపడుతుంది. ఇన్నేళ్ళ స్నేహం ఉంటుంది. మరి మద్దమ్మ? ఆ ఫ్యాక్టరీలో ఇప్పుడు కూడా రాళ్ళు అరగదీస్తున్నవాళ్ళు? లేని టీబీకి మందు మింగుతూ, పెళ్ళాం బిడ్డలకు దూరంగా గిన్నె పెట్టుకుని తింటున్నవాళ్ళు?

"లేదు," అన్నాడు.

ఉపేంద్ర నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పులో పశ్చాత్తాపం లేదు, విసుగు ఉంది. "అయితే ఒకటి అడుగుతా చెప్పు. సిద్దప్ప కోర్టుకు పోతా ఉండాడని నాకు ఎట్ల తెలిసింది? ఆ పొద్దు ఇంట్లో ఎవురూ ఉండరని నాకు ఎవురు చెప్పినారు?"

నేలకు దిగిన అముద చూపు తిమ్మరాజు కళ్ళముందు మెదిలింది.

అప్పుడే జేబులో ఫోన్ మోగింది. కుమారేశన్. తిమ్మరాజు స్పీకరు ఆన్ చేసి ఫోన్‌ను టేబులుమీద పెట్టాడు.

"సార్, ఈయమ్మ మీకు ఏందో చెప్పల్లంట. నా ప్రాణం తీస్తా ఉంది. నా ముందరే చెప్పమన్నాను."

అముద గొంతు వణుకుతూ వచ్చింది. "అన్నా, పొద్దున నీతో అబద్ధం చెప్పినాను. కోర్టు సంగతి డాక్టరయ్యకు నేనే చెప్పినాను. మా ఇంటాయనకు తెలీకుండా పోయి చేతులు జోడించినాను. ఒకసారి వచ్చి చెప్పండయ్యా, మీ మాటయితే ఇంటాడు అని. వస్తాననె. మొగోళ్ళు నెమ్మదిగా మాట్లాడుకుంటారని నేను తోటకు పోతిని. తర్వాత ఫోన్ చేస్తే, నేను రాలేకపోయినానమ్మా అనె. నమ్మితిని. నువ్వు పోయినప్పటి నుంచి తలకాయ తిరుగుతా ఉందన్నా. ఆ పీపీ వాడేది మా ఇంట్లో ఎవురికీ తెలీదు. డాక్టరయ్య వచ్చినాడా? డాక్టరు పక్కన కూర్చోనుండగా నా మొగుడు ఎట్ల సచ్చిపోతాడన్నా?"

తిమ్మరాజు ఫోన్‌ను ఉపేంద్ర ముందుకు తోశాడు. "జవాబు చెప్పు. నిన్నే అడుగుతా ఉంది."

ఉపేంద్ర ఫోన్‌ను దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత కళ్ళజోడు సర్దుకున్నాడు. నోరు తెరిచినప్పుడు వచ్చింది ఆ గొంతే. జ్వరంలో ఉన్నవాళ్ళకు ధైర్యం చెప్పే గొంతు, తిమ్మరాజును ఎన్నోసార్లు బతికించిన గొంతు.

"అమ్మా అముదా, నేనేనమ్మా, డాక్టర్ను. వచ్చినానమ్మా. నువ్వు చెప్పినట్టే చేసినాను కదా? ఆయప్పతో ఏగలేకపోతా ఉండాను, కీ తీసేయండయ్యా అని నువ్వే కదమ్మా చెప్పినావు? ఇప్పుడు ఇన్‌స్పెక్టరు ముందర భయపడి మాట మారిస్తే ఎట్ల?"

తిమ్మరాజు అతని కాలరు పట్టుకుని లేపాడు. కుర్చీ వెనక్కి పడింది. "కుమారేశా, అబద్ధం! వీడు అబద్ధం చెప్తా ఉండాడు!"

"మీరు ఆ డాక్టర్ను ఆడే పట్టి ఉంచండి సార్. మా వాళ్ళను పంపిస్తా ఉండాను." కుమారేశన్ గొంతు గట్టిపడింది. "కానీ నేను విన్నది విన్నాను. కొట్లాట ఉంది. డాక్టర్ను రప్పించింది తనే అని ఈమె నోటితోనే చెప్పింది. ఏమ్మా, డాక్టరు చెప్పింది నిజమేనా?"

కాదని అరవమ్మా అని తిమ్మరాజు మనసులో మొక్కుకున్నాడు. ఒక్క మాట, గట్టిగా, ఒక్కసారి.

"అయ్యా," అంది అముద. "నేను అట్ల చెప్పినానా?"

ఆ గొంతులో కోపం లేదు. ఇన్నేళ్ళూ ఆయన ఏది చెబితే అది నమ్మిన మనిషి, ఆయన చెబుతున్నాడంటే ఇది కూడా నిజమేనేమోనని భయపడుతోంది.